ఉమ్మడి కొలిమి: ప్రోగ్రాములు లైబ్రరీలను పిలుచుకొను విధము

అరకులోయలోని పల్లెలలో ప్రతి ఇంట నాగలి ఉండును, గొడ్డలి ఉండును, కత్తి ఉండును. ప్రతి ఇంట కొలిమి మాత్రము ఉండదు. కర్రు అరిగిపోయినపుడు రైతు దానిని పట్టుకొని కమ్మరి యొద్దకు పోవును. నాలుగైదు ఊళ్ళకు ఒక కొలిమి చాలును. ఇంటింటను కొలిమి పెట్టుకొన్నచో బొగ్గు దండుగ, చోటు దండుగ. పైగా కమ్మరి క్రొత్త పనితనమొకటి నేర్చినను అది ఆ ఒక్క ఇంటికే పరిమితమగును. ఉమ్మడి కొలిమిలో ఈ నష్టములు లేవు. కాని వేరు చిక్కులు కలవు. కొలిమి ఎక్కడ ఉన్నదో ముందుగా తెలియవలెను. అక్కడ కూర్చున్నవాడు అసలైన కమ్మరియే కావలెను. అతడు చేసి ఇచ్చిన కర్రు తన నాగలికి సరిపోవలెను.

కంప్యూటరులో నడచు ప్రోగ్రాములకు కూడ సరిగా ఇట్టి ఏర్పాటే ఉన్నది. తెరమీద అక్షరములు గీయుట, ఫైళ్ళను కుదించుట, రహస్యలిపిలోనికి మార్చుట వంటి పనులు వందలాది ప్రోగ్రాములకు కావలసినవే. ప్రతి ప్రోగ్రాము వానిని తనలో మోయనవసరము లేకుండ, అవి వేరు ఫైళ్ళలో ఉంచబడును. కావలసిన ప్రోగ్రాము కావలసినపుడు ఆ ఫైలును మెమొరీలోనికి రప్పించుకొని పని చేయించుకొనును. ఇట్టి ఫైలుకు డైనమిక్ లైబ్రరీ అని పేరు. నడచుచుండగా వచ్చి కలియునది కావున ఆ పేరు వచ్చినది. పల్లెటూరి పాఠశాలలోని పాత కంప్యూటరైనను, ఉపాధ్యాయుని చేతిలోని ఫోనైనను, ఈ లైబ్రరీలు లేనిదే ఒక్క క్షణము నడవదు. అవి తప్పుగా వచ్చి కలిసినపుడు జరుగు అనర్థములు కూడ అంతే పెద్దవి.

కాగితపు చుట్టల బీరువా

లైబ్రరీ అను మాట కంప్యూటరు విద్యలోనికి వచ్చిన తీరు ఆసక్తికరమైనది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్‌శాక్ అను కంప్యూటరు 1949 మే 6వ తేదీన తన మొదటి ప్రోగ్రామును నడిపినది. ఆ యంత్రముపై పనిచేసిన శాస్త్రజ్ఞులు కొద్దికాలములోనే ఒక సంగతిని గుర్తించిరి. వర్గమూలము కనుగొనుట, సంఖ్యలను ముద్రించుట వంటి చిన్నపనులు ప్రతి లెక్కలోను మరల మరల వచ్చుచుండెను. ప్రతిసారి వానిని క్రొత్తగా వ్రాయుటలో తప్పులు కూడ క్రొత్తగా దొరలుచుండెను. అందువలన ఒకసారి వ్రాసి, పరీక్షించి, సరియని తేలిన తునకలను చిల్లులు పొడిచిన కాగితపు చుట్టలమీద భద్రపరచిరి. ఆ చుట్టలు ఒక బీరువాలో ఉండెడివి. కావలసినవారు చుట్టను తీసి, దానిని తమ ప్రోగ్రాము చుట్టలోనికి నకలు చేసికొని, మరల బీరువాలో పెట్టెడివారు. మారిస్ విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ అను మువ్వురు ఈ పద్ధతిని వివరించుచు 1951లో ఒక గ్రంథమును ప్రకటించిరి. ప్రోగ్రాములు వ్రాయు విద్యపై వెలువడిన తొలి గ్రంథములలో అది యొకటి.

ఆ కాలపు పద్ధతిలో లైబ్రరీ తునక ప్రోగ్రాములో శాశ్వతముగా అతుకబడును. ఇది ఇంటింటను కొలిమి పెట్టుకొనుట వంటిది. నూరు ప్రోగ్రాములుండిన నూరు నకళ్ళు. తునకలో తప్పు బయటపడినచో నూరింటిని వెదకి దిద్దవలెను. 1960 తరువాతి సంవత్సరములలో అమెరికాలో తయారైన మల్టిక్స్ అను ఆపరేటింగ్ సిస్టము ఈ అతుకును నడకలో వేయు విధానమును పాటించినది. 1985లో వెలువడిన మొదటి విండోస్‌లోనే డీఎల్ఎల్ అను పేరుతో ఇట్టి లైబ్రరీలు ఉన్నవి. యూనిక్స్ వర్గములో సన్ సంస్థ 1988లో విడుదల చేసిన సిస్టము వీనికి నేటి రూపమును చాలవరకు సంతరించినది. నేడు విండోస్ లైబ్రరీల పేర్లు డీఎల్ఎల్ అనియు, లినక్సులోనివి ఎస్ఓ అనియు, ఆపిల్ కంప్యూటర్లలోనివి డైలిబ్ అనియు ముగియుచుండును. పేర్లు వేరైనను జాతి ఒక్కటే.

అతుకు పడు విధము

లైబ్రరీ ఫైలు లోపల యంత్రభాషలోని ఆదేశములతోపాటు ఒక పట్టిక కూడ ఉండును. ఈ లైబ్రరీలో ఏయే పనులు దొరకును, ఒక్కొక్క పని ఫైలులో ఎక్కడ మొదలగును అని ఆ పట్టిక తెలుపును. ఆపరేటింగ్ సిస్టములో లోడరు అను భాగమొకటి కలదు. ప్రోగ్రాము అడిగినపుడు లోడరు లైబ్రరీని వెదకి, మెమొరీలో ఒకచోట నిలిపి, పట్టికలోని పేర్లకు అసలు చిరునామాలను లెక్కగట్టి ప్రోగ్రాముకు అందించును. ఆపై ప్రోగ్రాము నేరుగా ఆ చిరునామాకు పోయి పని చేయించుకొనును.

ఇందులోని చమత్కారము ఏమనగా, పది ప్రోగ్రాములు ఒకే లైబ్రరీని అడిగినను దానిలోని ఆదేశములు యంత్రపు మెమొరీలో సాధారణముగా ఒకేచోట ఉండును. ప్రతి ప్రోగ్రాము వానిని తన సొంత చిరునామాలోనే చూచుచున్నట్లు భావించును. గాలికొండ ఒక్కటే, అరకునుండి చూచువానికి ఒక దిక్కున, అనంతగిరినుండి చూచువానికి వేరొక దిక్కున అగపడుట లేదా? అట్లే ఇదియు. లైబ్రరీలో వ్రాతకు లోబడిన భాగము, అనగా మారుచుండు అంకెలు నిలువయుండు చోటు మాత్రము, ఒక్కొక్క ప్రోగ్రాముకు వేరువేరుగా కేటాయింపబడును. లేనిచో ఒకరి లెక్క మరియొకరి లెక్కలో కలిసిపోవును.

లైబ్రరీలు వచ్చి కలియుటకు రెండు సమయములు కలవు. కొన్నింటిని ప్రోగ్రాము తాను మొదలగునపుడే లోడరు ద్వారా రప్పించుకొనును. అవి లేనిచో అది అసలు కదలదు. మరికొన్నింటిని నడుమ అవసరము కలిగినపుడు పేరుపెట్టి పిలుచును. ఒక వ్రాత ప్రోగ్రాము తెలుగు అక్షరదోషములను చూచు భాగమును, వినియోగదారుడు కోరినపుడే పిలుచుట ఇట్టిది. ఈ రెండవ పద్ధతికి విండోస్‌లో లోడ్‌లైబ్రరీ అను ఆజ్ఞయు, లినక్సులోను ఆపిల్ యంత్రములలోను డీఎల్‌ఓపెన్ అను ఆజ్ఞయు వాడుదురు. పట్టికలోని ఒక పేరుకు చిరునామా అడుగుటకు మొదటిదానిలో గెట్‌ప్రాక్‌అడ్రెస్, తక్కిన రెండింటిలో డీఎల్‌సిమ్. పంపివేయుటకు ఫ్రీలైబ్రరీ, డీఎల్‌క్లోజ్. ఒకే ప్రోగ్రామును మూడు సిస్టములలోను నడుపగోరువారు ఈ ఆజ్ఞల నన్నింటిని ఒక చిన్న ముసుగు వెనుక దాచి, పైకి ఒకే పేరుతో వాడుకొందురు. ముసుగు వేయుట సులువే. అసలు కష్టము పేర్లలో లేదు, ప్రవర్తనలో ఉన్నది.

ఫోన్లను ఆపిన తెలుగు అక్షరము

ఉమ్మడి లైబ్రరీ ఎంత లోతున పనిచేయునో తెలుగువారికి 2018 ఫిబ్రవరిలో జరిగిన ఒక సంఘటన చక్కగా తెలిపినది. "జ్ఞా" అను అక్షరమును ఒక ప్రత్యేక విధమున కూర్చి సందేశముగా పంపినచో, ఆపిల్ ఫోను ఆ సందేశమును తెరమీద చూపబోయి ఆగిపోవుచుండెను. సందేశములు చూపు ప్రోగ్రాము మాత్రమే కాదు, ఆ అక్షరము ఎక్కడ పడినను అక్కడి ప్రోగ్రాము కూలుచుండెను. ఫోనుకు కబురు వచ్చినట్లు పైన చూపు చిన్న ప్రకటనలో ఆ అక్షరము ఉన్నచో ముంగిలి తెరయే పడిపోవుచుండెను. జ్ఞానము అను మాటకు మొదటి అక్షరమే ఇంత పని చేయుట విధివిలాసము.

తెలుగు లిపిలో కంప్యూటరు భద్రపరచునది కంటికి కనిపించు రూపము కాదు. "జ్ఞా" అనునది జ, పొల్లు, ఞ, దీర్ఘము అను నాలుగు సంఖ్యల వరుసగా మాత్రమే ఫైలులో ఉండును. వానిని చూచి, ఞకారమును వత్తుగా క్రిందికి దింపి, దీర్ఘమును సరియైన చోట తగిలించి, ఫాంటులోని బొమ్మలను ఎంచి పేర్చు పని ఒక లైబ్రరీది. ఆపిల్ యంత్రములలో దానిపేరు కోర్‌టెక్స్ట్. ఆండ్రాయిడ్ ఫోన్లలోను, లినక్సు ప్రోగ్రాములలోను, ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజర్లలోను హార్ఫ్‌బజ్ అను లైబ్రరీ ఆ పని చేయును. విండోస్‌కు తన సొంత లైబ్రరీ వేరుగా ఉన్నది. అనగా ఒకే తెలుగు పుట మూడు సిస్టములలో మూడు వేరు చేతులమీదుగా తయారగుచున్నది.

ఆనాటి చిక్కు వచ్చిన వరుసలో ఒక అయిదవ సంఖ్య ఉన్నది. ఞకారమునకును దీర్ఘమునకును నడుమ, కంటికి కనబడని వేర్పాటు గుర్తు ఒకటి. ఈ గుర్తు తెలుగులో అనవసరమైనది కాదు. "సాఫ్ట్‌వేర్" వంటి మాటలలో టకారము క్రింద వకారము వత్తుగా దిగకుండ, పొల్లుగా నిలుచుటకు దానినే వాడుదురు. కాని వత్తుకును దీర్ఘమునకును నడుమ దానిని పెట్టవలసిన పని సాధారణముగా ఎవరికిని ఉండదు. కోర్‌టెక్స్ట్‌ను వ్రాసినవారు ఊహించని ఆ కూర్పు రాగానే, లైబ్రరీ తనకు కేటాయింపబడిన మెమొరీని దాటి పాడుచేయుచుండెను. లైబ్రరీ ప్రోగ్రాము ఇంటిలోనే కూర్చుండి పనిచేయును కావున, అది చేసిన చెరుపునకు ప్రోగ్రామే కూలును. మామూలుగా వ్రాసిన జ్ఞానము అను మాటవలన ఏ హానియు లేకుండెను. బెంగాలీ మొదలగు మరికొన్ని లిపులలోని కూర్పులు కూడ ఇదే లోపమును బయటపెట్టినవి.

ఫిబ్రవరి 19వ తేదీన ఆపిల్ సంస్థ దిద్దుబాటును విడుదల చేసినది. దిద్దినది ఒక్క లైబ్రరీని. దానిని వాడుకొనుచున్న లెక్కలేనన్ని ప్రోగ్రాములలో ఒక్కదానినైనను మరల తయారుచేయవలసిన పని లేకపోయినది. నష్టము ఎంత విరివిగా వ్యాపించినదో, చికిత్సయు అంత విరివిగానే వ్యాపించినది. ఇంటింటి కొలిమి పద్ధతిలో ఇది సాధ్యము కాదు.

కొండభాషలకు ఇందులో పనియేమి?

తూర్పు కనుమలలో తెలుగుతోపాటు సవర, కువి, కొండ, గదబ, ఆదివాసీ ఒడియా మొదలగు భాషలు వ్యవహారములో ఉన్నవి. పర్లాకిమిడిలో ఉండి సవర భాషను నేర్చి, 1931లో ఆ భాషకు ఒక బోధినిని ప్రకటించిన గిడుగు వేంకట రామమూర్తి గారి కృషి సుప్రసిద్ధము. ఈ శతాబ్ది మొదటి దశకములో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కొన్ని గిరిజన భాషలలో ప్రాథమిక వాచకములను తెలుగు లిపిలో తయారు చేయించినది. అట్టి పుస్తకమును కంప్యూటరులో కూర్చునపుడు, తెలుగు మాటలలో ఎన్నడును రాని అక్షరముల కూడికలు వచ్చును. పెద్ద నగరములలోని పరీక్షలలో ఎవరికిని తటస్థపడని కూర్పు మొదట కొండమీది బడిలో తటస్థపడవచ్చును. లైబ్రరీ తప్పు అక్కడనే ముందుగా బయటపడును. దిద్దుబాటు మాత్రము ఆ చోటికి చివరకు చేరును.

సవర భాషకు సొంత లిపి కూడ కలదు. మాంగెయి గొమాంగొ 1936లో కల్పించిన సొరాంగ్ సొంపెంగ్ అను ఆ లిపికి 2012లో యూనికోడ్ పట్టికలో స్థానము లభించినది. అక్కడ దాని వరుస 69,840 అను సంఖ్యతో మొదలగును. ఈ సంఖ్యలో ఒక కీలకమున్నది. పదునారు బిట్లలో పట్టు పెద్ద సంఖ్య 65,535. తెలుగు అక్షరముల సంఖ్యలన్నియు దీనికి లోబడినవే. సొరాంగ్ సొంపెంగ్ అక్షరములు దానిని దాటినవి. అక్షరమనగా పదునారు బిట్లే అని నమ్మి వ్రాయబడిన పాత లైబ్రరీ చేతికి ఈ లిపి చిక్కినపుడు, ఒక్కొక్క అక్షరము రెండు ముక్కలుగా విరిగిపోవును. తెరమీద డబ్బాలు మాత్రమే కనబడును. ఫాంటు ఉన్నను ఫలితముండదు. అందుచేత లైబ్రరీ పేరు ఒక్కటే చూచి తృప్తిపడరాదు. ఎన్నవ కూర్పు అను సంగతి కూడ ప్రోగ్రాము అడిగి తెలిసికొనవలెను.

తెలుగు పేరుగల సంచి

ఇంకొక చిక్కు మరింత సామాన్యమైనది. ఉపాధ్యాయుడొకడు విండోస్ కంప్యూటరులో "అరకు" అను పేరుతో ఒక ఫోల్డరును తెరచి, అందులో ఒక బోధన ప్రోగ్రామును దాని లైబ్రరీలతోసహా ఉంచెననుకొనుడు. ప్రోగ్రాము మొదలగును గాని, లైబ్రరీ కనబడలేదని ఫిర్యాదు చేయును. ఫైలు ఎదుటనే ఉన్నది. ఏమి జరిగినది?

విండోస్‌లో లోడ్‌లైబ్రరీ ఆజ్ఞకు రెండు రూపములు కలవు. ఒకటి యూనికోడ్ పేర్లను తీసికొనును. రెండవది పాతకాలపు ఎనిమిది బిట్ల సంకేత పట్టికల ప్రకారము పేర్లను చదువును. ఆ పాత పట్టికలు ఇంగ్లీషుకు, రష్యనుకు, అరబ్బీకి, మరికొన్ని భాషలకు ఉన్నవి. తెలుగుకు లేదు, ఎన్నడును లేదు. కావున రెండవ రూపమును వాడిన ప్రోగ్రాము చేతిలో "అరకు" అను పేరు ప్రశ్నార్థకముల వరుసగా మారిపోవును. ఆ ప్రశ్నార్థకముల పేరుగల ఫోల్డరు ఎక్కడను లేదు. లినక్సులో అదే పేరు యూటీఎఫ్ 8 పద్ధతిలో పండ్రెండు బైట్లుగా నిలిచి, ఏ మార్పును లేకుండ లోడరుకు చేరును. విండోస్‌లో యూనికోడ్ రూపమున అది ఎనిమిది బైట్లు. ఇంగ్లీషు పేర్లతో మాత్రమే పరీక్షించిన ప్రోగ్రామర్లకు ఈ తేడా అగపడదు. ఎల్లప్పుడును యూనికోడ్ రూపమునే వాడుట దీనికి మందు. 2019 నుండి విండోస్ 10లో ప్రోగ్రాము తన పాత పట్టికకు బదులు యూటీఎఫ్ 8ను కోరుకొను సౌకర్యము కూడ వచ్చినది. అట్టి శ్రద్ధ లేని ప్రోగ్రాములకు మాత్రము, ఫోల్డరు పేరును ఇంగ్లీషులోనికి మార్చుట తప్ప ఉపాధ్యాయునికి వేరు దారి లేదు; తెలుగు పాఠశాలలో ఇది కొంత కష్టము కలిగించు సలహాయే.

కమ్మరి వేషములో వచ్చువారు

ఇప్పుడు అన్నింటికంటె ప్రమాదకరమైన సంగతి. ప్రోగ్రాము లైబ్రరీని కేవలము పేరుతో పిలిచినపుడు, లోడరు ఆ పేరుగల ఫైలుకొరకు కొన్ని చోట్లను ఒక వరుసలో వెదకును. మొదట దొరకినదే లైబ్రరీ. దానిని ఎవరు పెట్టినారు అని లోడరు తనంతట అడుగదు. మొదటి చోటనే ఒక దుండగుడు అదే పేరుతో తన ఫైలును పెట్టినచో, ప్రోగ్రాము దానినే పిలిచి, తన అధికారములన్నియు దానికి అప్పగించును.

పూర్వము విండోస్ ఈ వెదకులాటలో, ప్రోగ్రాము ఉన్న ఫోల్డరు తరువాత, ప్రస్తుతము తెరచియున్న ఫోల్డరును చూచెడిది. అనగా పెన్‌డ్రైవులోని ఒక పాఠమును తెరచినంతనే, ఆ పాఠము ప్రక్కన దాగియున్న దొంగ లైబ్రరీ లోపలికి వచ్చుటకు అవకాశముండెను. 2004లో వచ్చిన ఒక దిద్దుబాటుతో ఆ చోటు వరుసలో వెనుకకు నెట్టబడినది; అయినను పూర్తిగా తొలగింపబడలేదు. తక్కిన చోట్ల దొరకని లైబ్రరీని పిలిచిన ప్రోగ్రాములు ఇంకను మోసపోవుచునే యుండెను. 2010 ఆగస్టులో మైక్రోసాఫ్టు సంస్థ దీనినిగూర్చి బహిరంగముగా హెచ్చరిక చేసి, ఏయే చోట్ల మాత్రమే వెదకవలెనో ప్రోగ్రాము స్వయముగా నిర్ణయించు క్రొత్త ఆజ్ఞలను తరువాత సమకూర్చినది.

లినక్సులో, పేరులో అడ్డగీత ఉన్నచో దానిని పూర్తి మార్గముగా తీసికొని అక్కడనే చూచును. లేనిచో, ప్రోగ్రాములో వ్రాసియున్న మార్గములు, వినియోగదారుడు ఏర్పరచిన మార్గముల జాబితా, సిస్టము తయారుచేసి ఉంచిన సూచిక, ఆ పిమ్మట సిస్టము లైబ్రరీల ఫోల్డర్లు వెదకబడును. వినియోగదారుని జాబితాలో ఒక స్థానము ఖాళీగా మిగిలినచో దానిని ప్రస్తుత ఫోల్డరుగా భావించును. జాబితా చివర ఒక చుక్కల గుర్తు అదనముగా పడినంత మాత్రమున తలుపు తెరచుకొనును! అందువలననే విశేషాధికారములతో నడచు ప్రోగ్రాములకు లోడరు ఆ జాబితాను లెక్కలోనికి తీసికొనదు. ఆపిల్ సిస్టములో 2018 నుండి ఒక కట్టుదిట్టము లభించుచున్నది. దానిని కోరుకొన్న ప్రోగ్రాములోనికి ఆపిల్ సంస్థ సంతకముగాని, ఆ ప్రోగ్రామును తయారుచేసినవారి సంతకముగాని ఉన్న లైబ్రరీలు మాత్రమే వచ్చును. కొలిమి గుమ్మమున కావలివాని నుంచుట వంటిది ఇది.

దొంగ లైబ్రరీ ఎంతవరకు పోగలదో 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అను దుష్ట ప్రోగ్రాము లోకమునకు చూపినది. పెన్‌డ్రైవులోని చిన్న బొమ్మను విండోస్ తెరమీద చూపబోయినంతనే అది లోపల ప్రవేశించెడిది. యంత్రాగారములను నియంత్రించు సీమెన్స్ సంస్థ ప్రోగ్రాము వాడు ఒక లైబ్రరీ పేరును మార్చి ప్రక్కన పెట్టి, దాని స్థానములో తాను కూర్చుండెడిది. అసలు లైబ్రరీ పట్టికలో 109 పనులు ఉండగా, అందులో 93 పనులను యథాతథముగా అసలుదానికే అప్పగించి, 16 పనులను మాత్రము తనచేతిలో పెట్టుకొనెను. యంత్రములకు పోవు ఆజ్ఞలు ఆ పదునారింటి గుండా పోవుచుండెను. చూచువారికి అంతయు సవ్యముగానే అగపడినది.

సరియైన చోట, సరియైన పేరుతో, సరియైన సంతకముతో ఉన్న లైబ్రరీలోనే విషము కలిసిన సందర్భము కూడ ఉన్నది. ఫైళ్ళను కుదించు ఎక్స్‌జెడ్ అను లైబ్రరీలో, 5.6.0, 5.6.1 అను కూర్పులలో రహస్యద్వార మొకటి దాచబడినట్లు 2024 మార్చి 29వ తేదీన వెల్లడియైనది. దూరమునుండి కంప్యూటరులోనికి ప్రవేశించుటకు వాడు ప్రోగ్రాము ఈ లైబ్రరీని తాను కోరలేదు. కొన్ని లినక్సులలో అది మరియొక లైబ్రరీని పిలువగా, ఆ లైబ్రరీ దీనిని వెంటబెట్టుకొని వచ్చినది. చుట్టము వెంట వచ్చిన అపరిచితుని వలె! ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు తన పరీక్షలలో ప్రవేశమునకు సుమారు అర సెకను ఆలస్యమగుటను గమనించి, కారణమును తవ్వి తీసినందున ఇది బయటపడినది. అవసరము కలిగినపుడే లైబ్రరీని పిలుచు పద్ధతివలన ఇట్టి ముప్పు తగ్గును. వాడని లైబ్రరీ ఇంటిలోనికే రాదు గదా.

పట్టాల కొలత

లైబ్రరీ నమ్మదగినదే అయినను, కొలత కుదరనిచో ఫలితము శూన్యము. పర్లాకిమిడికి నౌపడానుండి 1900లో వేయబడిన రైలుమార్గపు పట్టాల నడుమ దూరము 762 మిల్లీమీటర్లు. అరకులోయ గుండా పోవు కొత్తవలస - కిరండూల్ మార్గములో అది 1,676 మిల్లీమీటర్లు. రెండును ఈ కొండలకు చెందిన మార్గములే. రెండింటిపై నడచినవియు రైలుబండ్లే. కాని ఒకదాని పెట్టె రెండవదానిపై దిగదు. పర్లాకిమిడి మార్గమును పెద్దకొలతకు మార్చిన పిమ్మటనే తక్కిన రైళ్ళతో దానికి పొత్తు కుదిరినది.

ప్రోగ్రామునకును లైబ్రరీకిని నడుమ ఇట్టి కొలతలు పెక్కు కలవు. 64 బిట్ల ప్రోగ్రాములోనికి 32 బిట్ల లైబ్రరీ రానేరదు. ఇది మంచి దోషము, మొదటనే తెలియును. చెడ్డ దోషములు ఆలస్యముగా తెలియును. సీ భాషలో లాంగ్ అను సంఖ్య 64 బిట్ల లినక్సులో ఎనిమిది బైట్లు, 64 బిట్ల విండోస్‌లో నాలుగు బైట్లు. ఒక సిస్టములో సరిగా నడచిన లెక్క, రెండవ సిస్టములో పెద్ద సంఖ్య వచ్చిన దినమున తప్పును. ఇంకొకటి: పట్టికలో పనుల పేర్లు ఉండును గాని, సీ భాష లైబ్రరీలలో ఆ పనికి ఎన్ని వస్తువులు, ఎట్టివి ఇవ్వవలెనో ఉండదు. డీఎల్‌సిమ్ ఇచ్చునది ఒట్టి చిరునామా. రెండు అంకెలు ఇవ్వవలసిన చోట మూడిచ్చినను లోడరు వారింపదు. కావున జాగ్రత్తగల లైబ్రరీ తన కూర్పు సంఖ్యను తెలుపు ఒక చిన్న పనిని పట్టికలో ఉంచును. జాగ్రత్తగల ప్రోగ్రాము మొట్టమొదట దానినే పిలిచి, పొత్తు కుదరనిచో మర్యాదగా వెనుకకు మరలును.

పిలుచు సమయములో కూడ ఒక ఎంపిక ఉన్నది. లినక్సు లోడరు, లైబ్రరీకి కావలసిన ఇతర పేర్లను అప్పటికప్పుడే వెదకి సరిచూడగలదు. లేక ఒక్కొక్కదానిని మొదటిసారి వాడునపుడు వెదకగలదు. రెండవది త్వరగా మొదలగును. కాని ఒక పేరు కరవైనచో ఆ సంగతి పని నడుమ తెలిసి, ప్రోగ్రాము ఉన్నచోటనే చచ్చును. ఘాటు దిగవలసిన బండికి బ్రేకులను కొండమీదనే పరీక్షించుట మేలుగదా; మలుపులో కాదు. పిలిచిన లైబ్రరీ రానిచో కారణమును అడిగి తెలిసికొనుటకు కూడ ఆజ్ఞలు కలవు. వానిని వాడక, వచ్చిన చిరునామా సున్నాయా కాదా అని చూడక ముందుకు పోవు ప్రోగ్రాములే ఎక్కువగా కూలును.

పంపివేయుట పిలుచుటకంటె కష్టము. లైబ్రరీని పంపివేసిన పిమ్మట, దానిలోని ఒక చిరునామా ప్రోగ్రాము చేతిలో మిగిలియున్నచో, ఆ చిరునామాలో ఇప్పుడు ఏమియు లేదు. అక్కడికి పోయిన ప్రోగ్రాము పడిపోవును. లైబ్రరీ మొదలుపెట్టిన పని యేదైన వెనుక ఇంకను నడచుచున్నచో అదియు అంతే. లైబ్రరీ కేటాయించి ఇచ్చిన మెమొరీని ప్రోగ్రాము తన పద్ధతిలో విడుదల చేయుట విండోస్‌లో తరచుగా హాని కలిగించును. ఎవరు ఇచ్చినారో వారే తీసికొనవలెను. అందుచేత అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లు పెక్కుమంది, ఒకసారి పిలిచిన లైబ్రరీని ప్రోగ్రాము ముగియువరకు ఉండనిచ్చెదరు. కొంత మెమొరీ వృథాయైనను ప్రాణభయము లేదు.

బడిలో చూడదగినవి

ఒక ప్రోగ్రాము ఏయే లైబ్రరీలను పిలుచునో చూచుట పాఠశాలలో సులభముగా చేయదగిన పని. లినక్సులో ఎల్‌డీడీ అను ఆజ్ఞ ఆ జాబితాను, ప్రతి లైబ్రరీ ఉన్న మార్గముతో సహా చూపును. ఒక చిన్న ప్రోగ్రాముకు కూడ పదుల సంఖ్యలో లైబ్రరీలు కనిపించుట విద్యార్థులకు ఆశ్చర్యము కలిగించును. అయితే ఎక్కడినుండియో వచ్చిన, నమ్మకము లేని ప్రోగ్రాములపై ఎల్‌డీడీని ప్రయోగింపరాదు. కొన్ని సందర్భములలో అది ఆ ప్రోగ్రామునే నడుపును. అట్టివానికి రీడ్‌ఎల్ఫ్ అను ఆజ్ఞ తగినది. అది ఫైలును చదువును గాని నడుపదు. విండోస్‌లో మైక్రోసాఫ్టువారి ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ నడచుచున్న ప్రతి ప్రోగ్రాములోని డీఎల్ఎల్‌లను చూపును. ఆపిల్ కంప్యూటరులో ఓటూల్ అను ఆజ్ఞ పనికివచ్చును. అక్కడ ఒక వింత తటస్థపడును. 2020లో వచ్చిన బిగ్ సర్ కూర్పునుండి సిస్టము లైబ్రరీలు విడి ఫైళ్ళుగా కనబడవు. అన్నియు కలిసి ఒకే పెద్ద మూటలో ఉండును. ఓటూల్ చూపిన మార్గమునకు పోయి చూచినచో అక్కడ ఏ ఫైలును ఉండదు, కాని డీఎల్‌ఓపెన్‌తో పిలిచినచో ఆ లైబ్రరీ వచ్చును. ఫైలు ఉన్నదో లేదో ముందుగా చూచి ఆ తరువాత పిలువవలెనని వ్రాసిన ప్రోగ్రాములు ఆ సంవత్సరమున ఆపిల్ యంత్రములలో చిక్కుపడి, నేరుగా పిలిచి చూచు పద్ధతికి మారవలసి వచ్చినది.